గోనె సంచికి గట్టి కుట్టు

ప్రశ్న: ధాన్యం బస్తాలు ఎత్తేటప్పుడు కుట్లు విడిపోతున్నాయి. గోనె సంచిని గట్టిగా, తీరుగా కుట్టడం ఎలా?

జవాబు: గోనె కుట్టు విడిపోవడానికి చాలాసార్లు కారణం దారం తెగడం కాదు, నేత జారిపోవడం. జనపనార పోగులు మందం, నేత వదులు. కత్తిరించిన అంచుకు దగ్గరగా కుడితే బరువు పడగానే అంచు పోగులు కుట్టుతో సహా ఊడివస్తాయి. అందుకే అంచును రెండు సెంటీమీటర్ల మేర రెండుసార్లు లోపలికి మడవాలి. కుట్టు వేసే చోట ముందుగా ఒక పోగును లాగేస్తే నేతలో తిన్నని గీత పడుతుంది. దాని వెంట వెళ్తే కుట్టు వంకరపోదు.

చేతికుట్టుకు దబ్బనం, మైనం రాసిన పురికొస కావాలి. కుట్టు కుట్టుకూ సగం వెనక్కి వచ్చి ముందుకు సాగాలి. అప్పుడు దారం ఒకచోట తెగినా మిగతా వరుస నిలుస్తుంది. యంత్రపు గొలుసుకుట్టులో కొస తెగితే వరుసంతా ఊడుతుంది. లాగగానే తెరుచుకోవాల్సిన సంచి మూతికి మాత్రం అదే మేలు. ఇంటి మిషన్ మీదైతే 18 నంబరు సూది, పొడవైన కుట్టు వాడాలి. మరీ దగ్గరి కుట్లు పోగులనే కోసేస్తాయి.

మూతి కుట్టేటప్పుడు రెండు మూలలా పిడికెడు గోనె వదిలి పురికొసతో బిగిస్తే చెవులు ఏర్పడతాయి. బస్తాను వాటితో పట్టి ఎత్తితే మూతికుట్టు మీద లాగుడు తగ్గుతుంది.