గోడపత్రిక – గుణదోష విచారణ

ఒక వస్తువును చూచి “బాగున్నది” అనుట సులభము. “బాగులేదు” అనుట అంతకంటెను సులభము. ఏల బాగున్నదో, ఎవరికి బాగులేదో చెప్పుట మాత్రము కష్టము. ఆ కష్టమైన పనికే విమర్శ యని పేరు. పద్యములను, కథలను విమర్శించు విధమును మన పాఠ్యపుస్తకములు కొంతవరకు నేర్పుచున్నవి. కాని దినదినమును మన కంటబడు గోడపత్రికలను, కరపత్రములను, అంగళ్ల పేరుపలకలను, పుస్తకముల అట్టలను పరీక్షించు విధమును ఎవరును మనకు నేర్పరు. అక్షరములను, బొమ్మలను, రంగులను ఒక ప్రయోజనమునకై కూర్చు ఈ విద్యను నేడు గ్రాఫిక్ డిజైను అనుచున్నారు. దాని గుణదోషములను విచారించుట యెట్లో ఈ వ్యాసమున తెలిసికొందము.

బరంపురము, గంజాము ప్రాంతముల తెలుగువారికి ఈ నేర్పు మిక్కిలి అవసరము. 1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఒడిస్సా ప్రత్యేక రాష్ట్రమైనపుడు, అంతవరకు మదరాసు రాజధానిలో నుండిన ఈ సీమ అందు చేరినది. నాటినుండి ఒకే కాగితముపై ఒడియా, ఆంగ్లము, తెలుగు కలిసి మెలగుట మన కలవాటే. మూడు లిపులు ఒక చోట నిలుచునపుడు ఏది పెద్దది, ఏది చిన్నది, ఏది ముందు, ఏది వెనుక అను ప్రశ్నలు తప్పవు. ఆ ప్రశ్నలకు తగిన సమాధానము లేని ప్రకటన కొందరికి చేరును, కొందరికి చేరదు.

ఇంటనే యున్న గురువులు

ఈ విద్య మనకు బొత్తిగా క్రొత్తది కాదు. మన యిండ్లలోని స్త్రీలు పట్టుచీరను బేరమాడునపుడు గమనింపుడు. బరంపురపు పట్టుచీరకు ఫోడా కుంభమను గుడిగోపురపు టంచు ప్రసిద్ధి. దానికి 2012లో భౌగోళిక గుర్తింపు లభించినది. అట్టి చీరను చేతబట్టిన పెద్దమ్మ “బాగున్నది” అని ఊరకుండదు. అంచు వరుస తిన్నగా నున్నదా యని చూచును. తిరుగవేసి లోపలివైపు చూచును. మడత విప్పించి కొంగును భుజముపై వేసికొని చూచును. పెండ్లికా, పండుగకా, ఎవరు కట్టుదురు అని అడుగును. తుదకు “అంచు గట్టిగా నున్నది గాని, ఈ రంగు మీద గోపురములు తేలుట లేదు” అని తీర్పు చెప్పును.

ఆ తీర్పులో విమర్శకు కావలసిన లక్షణములన్నియు గలవు. ఆమె చూచినదానిని ముందు చెప్పినది; ఉపయోగమును అడిగినది; గుణమును దోషమును వేరుపరచినది; కారణమును చూపినది. అన్నిటికంటె ముఖ్యము, చీరను మడతలో గాక కట్టుకొను తీరులో పరీక్షించినది. గోడపత్రికను కూడ బల్లపై పెట్టి చూడరాదు. గోడకు తగిలించి, దారిన పోవువాడు నిలుచు దూరమునుండి చూడవలెను.

నాలుగు ప్రశ్నలు

ఏ గోడపత్రికనైనను పరీక్షించునపుడు ఈ నాలుగు ప్రశ్నలను వరుసగా వేసికొనవలెను.

1. ఏమి కనబడుచున్నది? ముందు తీర్పు చెప్పక, ఉన్నదానిని ఉన్నట్లు చెప్పవలెను. కన్ను మొదట దేనిమీద వ్రాలినది? తరువాత ఎచటికి పోయినది?

2. ఇది ఎవరికొరకు, ఏ పనికొరకు? చదివినవాడు ఏమి చేయవలెనని దీనిని వేసిరి?

3. ఆ పని నెరవేరుచున్నదా? నెరవేరినచో దేనివలన? నెరవేరనిచో ఏది అడ్డుపడుచున్నది?

4. ఏమి మార్చినచో మేలు? ఆ మార్పు చేయగల వీలు కలదా?

రెండవ ప్రశ్నను విడిచినవారి విమర్శ దారి తప్పును. లండను నగరపు భూగర్భ రైలుమార్గముల పటము ఇందుకు దృష్టాంతము. హ్యారీ బెక్ అను చిత్తుపటముల పనివాడు 1931లో ఆ మార్గములన్నిటిని అడ్డముగా, నిలువుగా, ఏటవాలుగా పోవు తిన్నని గీతలతోనే చిత్రించెను. స్టేషనుల నడుమ నిజమైన దూరములను పాటింపలేదు. అధికారులు మొదట దానిని త్రోసిపుచ్చిరి. 1933లో అచ్చు వేయించి పంచగా ప్రజలు దానిని మెచ్చుకొనిరి. భూగోళశాస్త్ర దృష్టితో అది తప్పు పటము. కాని సొరంగములో పోవు ప్రయాణికునకు దూరము కాదు కావలసినది. ఎచట ఎక్కి, ఎచట మారి, ఎచట దిగవలెనో తెలియవలెను. అందుకది చాలును.

మన భాషలోనే మరియొక యుదాహరణము. చిత్రకారుడు బాపు చేతివ్రాత అందము తెలుగువారందరును ఎరిగినదే. నేడది కంప్యూటరు అక్షరములుగా కూడ దొరకుచున్నది. ఆ వంపులు కథ శీర్షికకు, పెండ్లి పిలుపునకు వన్నె తెచ్చును. వానితోనే పరీక్షల నియమావళినంతయు సన్నగా అచ్చు వేసినచో చదువుటకు శ్రమ కలుగును. దోషము అక్షరములది కాదు, వానిని నియోగించిన చోటుది.

ఒక పరీక్ష

ఒక పాఠశాలలో ప్రవేశములను గూర్చిన గోడపత్రికను ఊహింతము. పైసగమంతయు భవనపు బొమ్మ. దాని క్రింద ఒడియాలో పెద్ద శీర్షిక, తరువాత ఆంగ్లము. అడుగున ముదురు నీలముపై ఎఱ్ఱని సన్నని తెలుగు. దరఖాస్తునకు కడపటి తేదీ ఆంగ్ల వాక్యములో మాత్రమే కలదు.

ఒక విద్యార్థి “తెలుగునకు అన్యాయము చేసినారు” అనును. అతని బాధ నిజమే కావచ్చును. కాని ఆ మాట విని పత్రిక వేసినవారు దేనిని మార్చవలెను? ఇంకొక విద్యార్థి ఇట్లు చెప్పును: “నీలముపై ఎఱుపు కలిసిపోవుటచే పది అడుగుల దూరమునుండి తెలుగు పంక్తి చదువ వీలుకాలేదు. తెలుగు మాత్రమే చదువగల తల్లికి కడపటి తేదీ తెలియదు. బొమ్మను సగమునకు తగ్గించినచో మూడు భాషలకును చోటు వచ్చును. తేదీని నడుమ పెద్ద అంకెలతో వేసినచో అందరికిని తెలియును.” ఇది విమర్శ. ఇందు ఒడియా పంక్తిని తగ్గింపుమను మాట లేదు. ఇరుగుపొరుగు భాషలలో ఒకదానిని కుదించి మరియొకదానిని పెంచనక్కరలేదు. పనిలేని అలంకారమునుండి చోటు తీసికొనవచ్చును.

మరియొక సూక్ష్మము. తెలుగున తలకట్లు, గుడులు పైన నిలుచును. వత్తులు క్రిందికి దిగును. పంక్తుల నడుమ ఎడము చాలనిచో పైపంక్తి వత్తులు క్రిందిపంక్తి గుడులను తాకును. “థ, ధ” వంటి అక్షరముల భేదము సన్నని అచ్చులో మాసిపోవును. కావున అన్ని లిపులకు ఒకే కొలత ఇచ్చినంతమాత్రమున అన్నియు సమానముగా చదువబడునని తలంపరాదు. కొలబద్దతో గాక కంటితో సరిచూడవలెను.

పలుకు తీరు

పనిని గూర్చి పలుకవలెను గాని, చేసినవానిని గూర్చి కాదు. “నీకు బొమ్మలు వేయుట రాదు” అన్నచో వినువాని చెవులు మూసికొనును. “ఈ బొమ్మ తేదీని కప్పివేయుచున్నది” అన్నచో అతడే చేయి చాచి సవరించును. నచ్చుటకును, పనికివచ్చుటకును గల భేదమును మరువరాదు. “నాకు పసుపు రంగు నచ్చదు” అనునది అభిరుచి. కాని పసుపుపై నల్లని అక్షరములు దూరమునకు స్పష్టముగా తెలియును. మన రైలుస్టేషనుల పేరుపలకలే సాక్ష్యము. గుణమును కూడ కారణముతోనే చెప్పవలెను. ఏది కుదిరినదో తెలియనివాడు మరల దిద్దునపుడు దానినే చెరుపును.

నేడు ఫ్లెక్సీ పలకలు, ఫోనులో పంపు ప్రకటనలు క్షణములో తయారగుచున్నవి. వానిని చేయుట తేలికయైనకొలది పరీక్షించువారి యవసరము హెచ్చుచున్నది. తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. మీకు అందిన ప్రకటన చదువ వీలుకానిచో అది మీ చదువులోని లోపమని సిగ్గుపడకుడు. లోపము ప్రకటనలోనే యుండవచ్చును. అది ఎచట నున్నదో పిల్లలచే చెప్పించి, వేసినవారికి తెలియజేయుడు. చోటు చూపి అడిగినవానికి సమాధానము దొరకును.

అభ్యాసము

1. మీ వీధిలోని ఒక పేరుపలకను ఇరువది అడుగుల దూరమునుండి చూచి, కన్ను వ్రాలిన క్రమమును వ్రాయుడు.

2. రెండేండ్ల కొకసారి జరుగు ఠాకురాణీ యాత్రకు మూడు లిపులలో ఒక గోడపత్రికను గీయుడు. తెలుగు మాత్రమే వచ్చినవారొకరికి, ఒడియా మాత్రమే వచ్చినవారొకరికి చూపి, వారికేమి తెలిసినదో అడుగుడు.

3. మీ మిత్రుని గోడపత్రికలో ఒక గుణమును, ఒక దోషమును, ఒక సవరణను కారణములతో చెప్పుడు. “బాగు” అను మాట వాడరాదు.