ఏఐ కన్నా ముందు మీటర్లు

ప్రశ్న: బాలానగర్‌లో మాకు చిన్న మెషీన్ షాపు ఉంది. ఏఐ సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే కరెంటు బిల్లు తగ్గుతుందని, పర్యావరణానికీ మేలని ఒక కంపెనీ వాళ్లు తిరుగుతున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దండి. ఏ యంత్రం ఎంత కరెంటు లాగుతోందో తెలియనిదే ఏ సాఫ్ట్‌వేరూ మీకు దారి చూపలేదు. నెలకోసారి వచ్చే బిల్లు ఒక్కటే ఇస్తే ఏఐ అందులోంచి నేర్చుకునేదేమీ ఉండదు.

ముందు కంప్రెసర్‌కు, పెద్ద సీఎన్‌సీ యంత్రాలకు విడి మీటర్లు పెట్టించండి. సెలవు రోజున మిగతావన్నీ ఆపి కంప్రెసర్ ఒక్కటే నడపండి. గాలి వాడకం లేకున్నా అది మాటిమాటికీ లోడ్ తీసుకుంటోందంటే పైపుల్లో లీకులున్నట్టే. జాయింట్ల మీద సబ్బునీళ్లు రాస్తే బుడగలే చోటు చూపిస్తాయి. ప్రెజర్ అవసరానికి మించి ఉంటే తగ్గించండి. ఒక్క బార్ తగ్గినా కంప్రెసర్ కరెంటు సుమారు 6-7 శాతం మిగులుతుంది. ఆ మేరకు ఎక్కడో బొగ్గు తగలబడటం తగ్గుతుంది, అది చిన్న మేలు కాదు.

కొన్ని నెలల రీడింగులు చేతికొచ్చాక ఏఐకి నిజంగా పని దొరుకుతుంది. ఊరికే తిరిగే యంత్రాలను పట్టుకోవడం దానికి బాగా వచ్చు. అప్పుడైనా ముందు ఒక్క యంత్రం మీదే నడిపి చూసి, మీటరులో తేడా కనిపిస్తేనే డబ్బు కట్టండి. రీడింగులు మీకే చెందుతాయని ఒప్పందంలో తప్పకుండా రాయించుకోండి.