పెత్తందారు లేని నెట్‌వర్క్‌కు కట్టుబాట్లు రాసేదెవరు?
నేను చెప్పేది నారాయణగూడ పక్కనున్న హిమాయత్‌నగర్ గురించి కాదు, మొయినాబాద్ మండలంలోని హిమాయత్‌నగర్ గురించి. ఈ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. దగ్గర్లోనే షాబాద్ మండలం చందనవెల్లిలో అమెజాన్ డేటా సెంటరూ ఉంది. 2022 నవంబరులో మొదలైన హైదరాబాద్ క్లౌడ్ రీజియన్‌లో అదొక భాగం. పక్కనే వచ్చింది కాబట్టి ఉద్యోగాలూ పక్కనే వస్తాయనుకోవడం సహజం. కానీ ఆ భవనాల్లో మనుషులతో పని తక్కువ. వేల యంత్రాలు ఏది చేయాలో, ఏది చేయకూడదో చెప్పే నియమాలు, అంటే పాలసీలు, రాసేవాళ్లకే గిరాకీ. కంప్యూటర్ సైన్స్ విద్యార్థి గురిపెట్టాల్సింది అక్కడ.

ఈ విద్యకు మంచి పాఠం, యంత్రాలు ఫైళ్ల ముక్కలను నేరుగా పంచుకునే బిట్‌టొరెంట్. పైరసీ సినిమాల సరుకు కదా అని తీసిపారేస్తారు గానీ, 2001లో బ్రామ్ కోహెన్ రాసిన ఆ ప్రోటోకాల్‌లో పెత్తనం ఎవరికీ లేదు, కట్టుబాటు మాత్రం ఉంది. ప్రతి యంత్రం తనకు ఎక్కువ ఇచ్చిన నలుగురికే తిరిగి ఇస్తుంది, పది సెకన్లకోసారి ఆ లెక్క మళ్లీ చూస్తుంది. ముప్పై సెకన్లకోసారి ముక్కూ మొహం తెలియని ఒకరికి అవకాశమిస్తుంది. ఈ చివరిది లేకపోతే కొత్తగా వచ్చినవాడికి ఏమైనా దక్కడం కష్టం. ఇలాగే ఏదీ పెద్ద కాని యంత్రాలు ఒకదాని సంగతి ఒకటి ముచ్చట్లలా చేరవేసుకునే పద్ధతిని అమెజాన్ ఇంజినీర్లు డైనమో అనే తమ డేటా నిల్వ వ్యవస్థ గురించి 2007లో రాసిన పత్రంలో వివరించారు. కాబట్టి ఇది పాతబడిన చదువు కాదు.

నియమాలు ఏఐ రాసిపెడుతుంది కదా అనొచ్చు. రాస్తుంది. చిక్కు రాయడంలో లేదు. నెట్ తెగి ఒక యంత్రం గంటసేపు విడిగా ఉంటుంది, ఈలోగా నియమం మారుతుంది. ఆ యంత్రం పాత నియమంతోనే తిరిగొచ్చి పాత అనుమతులే ఇస్తుంటే ఎవరి మాట చెల్లాలి? దానికి జవాబుదారీ మనిషే. 'పాలసీ ఇంజినీర్' అనే ప్రకటనలు పెద్దగా కనబడవన్నది నిజమే. ప్లాట్‌ఫామ్ ఇంజినీర్, సైట్ రిలయబిలిటీ ఇంజినీర్, నెట్‌వర్క్ ఆటోమేషన్ అన్న పేర్లతో వెతకండి. యంత్రాలను కలిపి నడిపే కుబర్నెటీస్, నియమాలు రాసి అమలు చేయడానికి వాడే ఓపెన్ పాలసీ ఏజెంట్ రెండూ ఉచితంగా దొరుకుతాయి. ఫైనలియర్ ప్రాజెక్టు కొనుక్కునే బదులు మూడు పాత ల్యాప్‌టాప్‌లు కలిపి, ఒకదాని కేబుల్ పీకి, నియమం మార్చి, మళ్లీ తగిలించి చూడండి. అప్పుడు ఏం జరిగిందో, మీరెలా సరిదిద్దారో రెజ్యూమేలో రెండు వాక్యాల్లో రాయండి.