లినక్స్ వేసేముందు గెట్టు ఎక్కడుందో చూడండి

మన హాస్టల్‌లో వారానికోసారైనా వచ్చే గొడవ ఇది: "ఏ లినక్స్ ఈజీ?" ఒకడు ఉబుంటు అంటాడు, ఒకడు మింట్ అంటాడు, థర్డ్ ఇయర్‌లోకి రాగానే ఇంకొకడు ఫెడోరా అంటాడు. నేనూ ఆ గొడవలో గట్టిగానే అరిచేదాన్ని. గత దసరా సెలవుల తర్వాత అరవడం మానేశాను. ఎందుకో చెప్తాను. దాంతోపాటు నాలుగు డిస్ట్రోలు వేసి చూసి నేర్చుకున్నది కూడా రాస్తాను. మీ ఇంట్లోనో మీ ఊళ్ళోనో పాత కంప్యూటర్ ఉంటే పనికొస్తుంది.

దేవరకొండలో జరిగింది

మా చిన్నాయనకు నల్లగొండ జిల్లా దేవరకొండలో చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ ఉంది. అప్లికేషన్లు నింపుడు, హాల్ టికెట్లు తీసుడు, పాస్‌బుక్ కాపీలు, ఇదే పని. అక్కడున్న కంప్యూటర్ ఇంటెల్ 6వ తరం ప్రాసెసర్‌ది, 4 జీబీ ర్యామ్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగుస్తుందని ఆయన ఎక్కడో చదివిండు. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపు 8వ తరం నుంచే కుదురుతుంది. మరో ఏడాది భద్రతా అప్‌డేట్లు పొడిగించుకునే దారి అప్పుడు ఉండేది గానీ, అది ఆ ఒక్క ఏడాదికే. కొత్తది కొనే స్థితి లేదు. "నువ్వు కంప్యూటర్ల చదువే చదువుతున్నవ్ గదా బిడ్డా, ఏదన్న చెయ్యరాదు" అన్నడు.

పెన్‌డ్రైవ్ తీసుకుని మహా ధీమాగా కూర్చున్నాను. ఏ డిస్ట్రో అన్నది ఇక్కడ ముఖ్యం కాదు, తప్పు నాది. ఇన్‌స్టాలర్ ఒక ప్రశ్న అడిగింది: ఎరేజ్ డిస్క్ అండ్ ఇన్‌స్టాల్? పక్కనే కూర్చున్న చిన్నాయన అడిగిండు, "ఏం రాసుంది ఆడ?"

"ఏం లేదు చిన్నాయినా, ఊకె అడుగుతది. నెక్స్ట్ కొట్టుడే."

కొట్టాను. ఇరవై నిమిషాల్లో కొత్త సిస్టమ్ తయారు. ఆయన మౌస్ పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "డీ డ్రైవ్ ఏది బిడ్డా? నా బాకీల లెక్క దాంట్లనే ఉండె" అన్నడు.

నా కడుపులో చల్లగా అయింది.

డిస్క్ వేరు, డ్రైవ్ వేరు

ఇది మన సిలబస్‌లో ఉంది. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అయినా ఆ క్షణంలో "సీ మాత్రమే పోతుంది, డీ ఉంటుంది" అనుకున్నాను. మా పాలమూరు, నల్లగొండ వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలంటే: హార్డ్ డిస్క్ అంటే ఒక చెలక. సీ, డీ అనేవి ఆ చెలక మధ్యలో గెట్టు వేసి చేసిన రెండు ముక్కలు. ఆ గెట్టే పార్టిషన్. "ఎరేజ్ డిస్క్" అంటే గెట్టుతో సహా చెలక మొత్తం దున్నేయమని ట్రాక్టర్‌కు చెప్పినట్టు. ట్రాక్టర్‌కు పక్క ముక్కలో ఏం పంట ఉందో తెలియదు.

చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టు, ఆ రాత్రి ఫోటోరెక్ అనే ఉచిత టూల్ నడిపించాను. పొరపాటున చెరిపితే మొదటి సూత్రం: ఆ డిస్క్ మీద ఇంకేమీ రాయకూడదు, రాసిన కొద్దీ పాత డేటా పోతుంది. ఫోటోరెక్ ఫైళ్ళను తిరిగి తీస్తుంది గానీ పాత పేర్లు, ఫోల్డర్లు రావు. వేల ఫైళ్ళు పేర్లు లేకుండా దొరికాయి. బాకీల ఎక్సెల్ ఫైల్ మాత్రం దొరకలేదు. మూడేళ్ళ లెక్క. చిన్నాయన నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాటి నుంచి వచ్చినోళ్ళని వచ్చినట్టు అడిగిండు, "నీ బాకీ ఎంతుండె?" అని. చాలామంది నిజమే చెప్పిన్రట. ఇంకొందరు ఆ సెంటర్‌కు రావడమే మానేసిన్రు.

కాలేజీకి తిరిగొచ్చాక ఖాళీ లాప్‌టాప్ ఒకటి పట్టుకుని నాలుగు డిస్ట్రోలూ వరసగా వేసి చూశాను. ఈసారి వేగం చూడలేదు. చెరిపే ప్రశ్న దగ్గర ఏం జరుగుతుందో, ఆ తర్వాత మనిషి దానితో బతకగలడో లేదో చూశాను.

నాలుగు డిస్ట్రోలు, నాలుగు స్వభావాలు

*ఉబుంటు 24.04:* ఫైల్ దాదాపు 6 జీబీ. అంటే 8 జీబీ పెన్‌డ్రైవ్, మంచి నెట్ ఉండాలి. 4 జీబీ ర్యామ్, 25 జీబీ స్థలం అడుగుతుంది. కొత్త ఇన్‌స్టాలర్ చూడ్డానికి బాగుంటుంది, ప్రశ్నలు తక్కువ. విండోస్ పక్కనే వేసుకునే అవకాశం కూడా ఇస్తుంది. ఐదేళ్ళ మద్దతు. 4 జీబీ యంత్రంలో బ్రౌజర్ తెరిస్తే మాత్రం ఊపిరాడదు.

*లినక్స్ మింట్ 22:* ఉబుంటు 24.04 పునాది మీదే కట్టింది. ఫైల్ సుమారు 3 జీబీ. విండోస్ అలవాటైనోళ్ళకు కింద మెనూ, ఎడమ మూల బటన్, అంతా తెలిసినట్టే ఉంటుంది. పాత యంత్రాలకు ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తేలిక. ఆడియో, వీడియో కోడెక్‌లు కావాలా అని ఇన్‌స్టాల్ చేసేటప్పుడే అడుగుతుంది, టిక్ పెడితే సరి. మొదటిసారి వేసేవాళ్ళకు నేను ఇప్పటికీ దీన్నే చెప్తాను.

*ఫెడోరా వర్క్‌స్టేషన్:* కొత్త సాఫ్ట్‌వేర్ త్వరగా వస్తుంది, కోడింగ్ చేసే మనకు హాయి. ఆరు నెలలకో వెర్షన్, ఒక్కోదానికి సుమారు 13 నెలల మద్దతు. అంటే ఏడాదికోసారైనా అప్‌గ్రేడ్ చేయాలి. పేటెంట్ చిక్కులున్న కొన్ని కోడెక్‌లు దానితో రావు, విడిగా వేసుకోవాలి. హాస్టల్ గదికి బాగుంటుంది. దేవరకొండ సెంటర్‌కు ఏడాదికోసారి ఎవరు పోతారు?

*డెబియన్ 13:* నెట్ ఇన్‌స్టాల్ ఫైల్ ఒక జీబీ లోపే, మిగతాది నెట్ నుంచి తెచ్చుకుంటుంది. ప్రశ్నలు మాత్రం చాలా అడుగుతుంది. యంత్రం పేరు, డొమైన్ పేరు, రూట్ పాస్‌వర్డ్, ఏ మిర్రర్, ఏ డెస్క్‌టాప్... అందుకే "డెబియన్ కష్టం" అని పేరు. ఒక చిట్కా: రూట్ పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేస్తే మీ యూజర్‌కే సూడో అధికారం వస్తుంది. డొమైన్ పేరు ఖాళీగా వదిలేయొచ్చు. ఒకప్పుడు వైఫై ఫర్మ్‌వేర్ విడిగా వెతుక్కోవాల్సి వచ్చేది. 2022లో డెబియన్ డెవలపర్లు ఓటు వేసి నిర్ణయించాక, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే వస్తోంది. అయినా వైఫై పట్టకపోతే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి. నాకు ప్రతిసారీ పనిచేసింది.

ఆ ఒక్క స్క్రీన్ తెలుగులో ఉంటే?

డెబియన్‌లోనే నేను వెతుకుతున్నది దొరికింది. 2011లో వచ్చిన డెబియన్ 6 నుంచి ఇన్‌స్టాలర్ తెలుగులో ఉంది. అయితే గ్రాఫికల్ ఇన్‌స్టాల్ ఎంచుకుంటేనే తెలుగు కనిపిస్తుంది. మామూలు టెక్స్ట్ ఇన్‌స్టాల్‌లో ఉండదు. ఎందుకంటే లినక్స్ టెక్స్ట్ కన్సోల్ ఫాంట్‌లో గరిష్ఠంగా 512 ఆకారాలకే చోటు. పైగా అక్షరాల్ని వరసగా పేర్చడమే దానికి తెలుసు. మన గుణింతాలు, వత్తులు పైనా కిందా కలిపి కూర్చడం దాని వల్ల కాదు. "స్త్రీ" అని రాయడం ఆ కన్సోల్‌కు ఎంత కష్టమో ఆలోచించండి.

ఈ పని ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎవరో తెలుగువాళ్ళు జీతం లేకుండా కూర్చుని ఒక్కో వాక్యం అనువదించారు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ కోసం ఇరవై ఏళ్ళుగా పనిచేస్తోంది, ఇంజనీరింగ్ కాలేజీల్లో లినక్స్ యూజర్ గ్రూపులు నడిపింది. సీ-డాక్ వాళ్ళ బాస్ లినక్స్ కూడా డెబియన్ మీద కట్టిందే, తెలుగుతో సహా భారతీయ భాషల కోసమే తెచ్చారు.

సంక్రాంతికి మళ్ళీ

సంక్రాంతికి చిన్నాయన 240 జీబీ ఎస్‌ఎస్‌డీ కొన్నడు. పాత యంత్రానికి ఇంతకంటే మంచి మందు లేదు. పాత హార్డ్ డిస్క్‌ను ఫైళ్ళ కోసం ఉంచి, సిస్టమ్‌ను ఎస్‌ఎస్‌డీ మీదికి మార్చాలి. అంటే రెండు చెలకలు, దున్నాల్సింది ఒక్కటే. ముందు ఫైళ్ళన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. తర్వాత డెబియన్, గ్రాఫికల్ ఇన్‌స్టాల్, తెలుగు. ఈసారి మౌస్ ఆయన చేతికిచ్చి పక్కన కూర్చున్నాను.

కొన్ని మాటలు ఆయనకు కొరుకుడు పడలేదు. "మరీ పుస్తకం తెలుగు" అన్నడు. అయినా ఆగి ఆగి చదివిండు. డిస్కుల జాబితా వచ్చింది. రెండింటి పక్కన సైజులున్నాయి. ఆయన వేలు పెట్టి చూపించిండు:

"ఈ పెద్దది ముట్టొద్దు, దాంట్ల నా ఫైళ్ళున్నయ్. చిన్నదే గదా మనది?"

చివర్లో మార్పులు డిస్కు మీద రాయమంటావా అని డెబియన్ ఇంకోసారి అడుగుతుంది. అక్కడ ముందే ఎంచి ఉండే జవాబు "వద్దు". కావాలని "అవును" పెడితే తప్ప కదలదు. చిన్నాయన మళ్ళీ సైజు చూసుకుని అప్పుడు నొక్కిండు. దసరాకు ఇరవై నిమిషాల్లో అయిన పని ఈసారి గంటన్నర పట్టింది. పోయింది ఏమీ లేదు.

నాకు తెలిసొచ్చింది ఇదే. తక్కువ క్లిక్కులుంటే ఈజీ అనుకున్నాను ఇన్నాళ్ళు. యంత్రం ఎవరిదో వాళ్ళకు ఆ చెరిపే ప్రశ్న అర్థమైతేనే ఇన్‌స్టాలేషన్ ఈజీ. మింట్ అయినా, ఫెడోరా అయినా, ఆ స్క్రీన్ వాళ్ళ భాషలో లేకపోతే మనమే తెలుగులో చదివి వినిపించాలి. "నెక్స్ట్ కొట్టుడే" అనకూడదు.

వేసేముందు ఇవి చూసుకోండి

1. ఫైళ్ళు వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి. డీ డ్రైవ్‌లో పెట్టడం బ్యాకప్ కాదు.
2. విండోస్ ఉంచుకుంటే ఫాస్ట్ స్టార్టప్ ఆపండి, బిట్‌లాకర్ రికవరీ కీ రాసిపెట్టుకోండి.
3. ఉబుంటు, మింట్, ఫెడోరాలను పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా నడిపి వైఫై, సౌండ్, ప్రింటర్ చూడండి. డెబియన్‌కు లైవ్ ఫైల్ విడిగా ఉంటుంది.
4. ప్రింటర్, వేలిముద్ర మెషీన్‌లకు లినక్స్ డ్రైవర్ ఉందో లేదో ముందే కనుక్కోండి. లేకపోతే ఆ పని కోసం విండోస్ ఉంచాల్సిందే.
5. పెళ్ళి పత్రికల్లాంటి డీటీపీ పని అను ఫాంట్లలో ఉంటే, అవి యూనికోడ్ కావు. ఆ ఫైళ్ళు లినక్స్‌లో సరిగ్గా కనబడతాయని మాటివ్వకండి.
6. తెలుగు టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ అన్నింట్లో ఉంది. ఇంగ్లీష్ అక్షరాలతో కొట్టాలంటే ఐబస్‌లో ఆర్‌టీఎస్ పద్ధతి పెట్టుకోండి. పోతన, వేమన ఫాంట్లు డెబియన్ భండారంలోనే దొరుకుతాయి.

చివరగా మన క్లబ్ వాళ్ళకు ఒక మాట. "పుస్తకం తెలుగు" అని చిన్నాయన అన్నది నాకు ఇంకా గుర్తుంది. ఈ అనువాదాలు ఎవరైనా సరిదిద్దవచ్చు, కొత్తవి పంపవచ్చు. కవితలు రాసే మనం పార్టిషన్‌కు ఒక మంచి తెలుగు మాట ఆలోచించలేమా? నేనైతే "గెట్టు" అంటాను. మీ ఊళ్ళో ఏమంటారో చెప్పండి.