మొదటి స్ప్రింట్‌కి ముందు

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

టీమ్ లీడ్‌వి అయ్యావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం. వచ్చే సోమవారం మీ మొదటి స్ప్రింట్ అని, పనుల జాబితా నడిపే జిరాలో వర్క్‌ఫ్లో ఎలా పెట్టుకోవాలో చెప్పమని మెసేజ్ పెట్టావు. అది చిన్న సంగతే. ‘చేయాలి’, ‘చేస్తున్నాం’, ‘టెస్టింగ్’, ‘అయింది’ అని నాలుగు కాలమ్‌లతో మొదలుపెట్టు. ఇంకొకటి కావాలని మీ టీమ్ వాళ్లే అడిగిన రోజున చేర్చుకోవచ్చు. నేను రాయాలనుకున్నది వేరే.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే కొండ విడిదిలో సాఫ్ట్‌వేర్ రంగానికి చెందిన 17 మంది కూర్చుని ఎజైల్ మేనిఫెస్టో రాశారు. పద్ధతుల కంటే, పనిముట్ల కంటే మనుషులకూ, వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికీ ఎక్కువ విలువ ఇస్తామన్నది అందులో మొట్టమొదటి సంగతి. జిరా వచ్చింది ఆ మరుసటి ఏడాది. మీ ఆఫీసులో మాత్రం జిరా ముందొచ్చింది, మాట్లాడుకోవడం ఇంకా రావాలి. దాన్ని తెచ్చే బాధ్యత నీది.

స్ప్రింట్లు, స్టాండప్‌లు అనే ఈ ఏర్పాటంతా దేనికంటే, చెడ్డ వార్త తొందరగా బయటపడటానికి. రెండు వారాల స్ప్రింట్ పెట్టుకునేది, దారి తప్పితే ఆర్నెల్లు పోయాక కాకుండా రెండు వారాల్లోనే తెలుస్తుందని. రోజూ స్టాండప్ పెట్టుకునేది, ఎవరైనా ఇరుక్కుంటే ఆ రోజే పక్కవాళ్లకు తెలుస్తుందని. కానీ మన ఆఫీసుల్లో ఏం జరుగుతుందో నీకూ తెలుసు. ‘ఎంతవరకు వచ్చింది?’ అంటే ‘అయిపోవచ్చింది సార్’ అంటారు. మర్నాడూ అదే జవాబు. ఆ పిల్లలు అబద్ధాలకోరులు కారు. రాలేదంటే చేతకాదనుకుంటారని భయం. పెద్దవాళ్ల ముందు ‘నాకు తెలియట్లేదు’ అనడం మనకు ఇంట్లోనూ నేర్పలేదు, కాలేజీలోనూ నేర్పలేదు. ఈ భయం పోనంతకాలం బోర్డు మీద ఎన్ని రంగులు పెట్టినా అక్కడ కనిపించేది నిజం కాదు.

అందుకని మొదటి స్టాండప్‌లో ముందు నువ్వే మాట్లాడు. నీకు అర్థంకానిది ఏదో ఒకటి ఉంటుంది, అది చెప్పు. లీడే అలా అంటే మిగతావాళ్లకు నోరు పెగులుతుంది. ఎవరైనా మొదటిసారి ‘ఇరుక్కుపోయాను’ అన్నప్పుడు నువ్వేమంటావో అందరూ చూస్తారు. ‘నిన్ననే ఎందుకు చెప్పలేదు?’ అని నీ నోట వచ్చిందా, ఇక ఎవరూ చెప్పరు. ‘చెప్పడం మంచిదైంది, నీతో ఎవరు కూర్చోవాలి?’ అను. 15 నిమిషాల్లో ముగించు. స్ప్రింట్లు ఎలా నడపాలో చెప్పే స్క్రమ్ గైడ్ కూడా అంతకంటే ఎక్కువ ఇవ్వలేదు. డెలివరీ మేనేజర్ వచ్చి కూర్చుంటే అందరూ ఆయనవైపు తిరిగి అప్పజెబుతారు కాబట్టి, ఆయనకు వేరే టైమ్ ఇచ్చి నువ్వే వెళ్లి చెప్పు.

జిరాలో ఒక్కో పనికీ టికెట్లు రాయడం గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎక్కువ రోజులు పాడయ్యేది అక్కడే. మీది మందుల షాపుల బిల్లింగ్ అన్నావు కదా. ‘బిల్లు తప్పు వస్తోంది, అర్జెంట్’ అని టికెట్ వచ్చిందనుకో. డెవలపర్ పొద్దున్నంతా వెతుకుతాడు, అతని సిస్టమ్‌లో బిల్లు సరిగ్గానే వస్తుంది, ‘నా దగ్గర బాగానే ఉంది’ అని మూసేస్తాడు. మూడో రోజు మళ్లీ తెరుస్తారు. అదే టికెట్‌లో ‘ఒకే మందు రెండు బ్యాచ్‌లలోంచి తీసి ఒకే బిల్లులో వేస్తే, రెండో బ్యాచ్‌కి కూడా మొదటి బ్యాచ్ ఎమ్మార్పీయే పడుతోంది; రెండో దానికి దాని సొంత ఎమ్మార్పీ పడాలి’ అని ఉంటే సగం పని అప్పుడే అయిపోయినట్టు. ఏం చేస్తే వచ్చింది, ఏం వచ్చింది, ఏం రావాలి, ఏ వెర్షన్‌లో వచ్చింది: ఇవి లేని బగ్‌ని స్ప్రింట్‌లోకి రానివ్వకు. సపోర్ట్ వాళ్లను విసుక్కోకు. ఒక పూట వాళ్ల పక్కన కూర్చుని, కలిసి రాసి చూపించు.

కొత్త పనిని ముక్కలు చేసేటప్పుడు డేటాబేస్ ఒక టికెట్, స్క్రీన్ ఒక టికెట్ అని కోయకు. అలా కోస్తే రెండు వారాల తర్వాత అన్నీ సగం సగం ఉంటాయి, షాపాయనకు చూపించడానికి ఒక్కటీ ఉండదు. మందులు వాపసు తీసుకోవడమే చూడు. మొదటి ముక్కలో అదే బిల్లు మీద పూర్తి షీటు వాపసు. తర్వాత విడి మాత్రలు. ఎక్స్‌పైరీ సరుకు స్టాకిస్టుకు తిప్పి పంపడం ఆ తర్వాత. చిన్నదైనా ప్రతి ముక్కా షాపులో వాడుకునేలా ఉండాలి.

చేతిలో ఒకేసారి ఎక్కువ పని పెట్టుకోవద్దు. లిటిల్స్ లా అని ఒక లెక్క ఉంది, 1961లో జాన్ లిటిల్ రుజువు చేసింది. వారానికి 4 టికెట్లు ముగించే టీమ్ 12 తెరిచి పెట్టుకుంటే ఒక్కొక్కటి తేలడానికి సగటున 3 వారాలు. అదే వేగంతో 6 మాత్రమే తెరిస్తే వారంన్నర. ‘చేస్తున్నాం’ కాలమ్‌కి ఒక హద్దు పెట్టు. అది నిండితే కొత్తది తీయకుండా పక్కవాళ్లది ముగించడానికి సాయం పట్టాలి. మొదట్లో ఖాళీగా కూర్చున్నట్టు అనిపించి కొందరు ఇబ్బంది పడతారు. పట్టు విడవకు.

ఇక స్టోరీ పాయింట్లు, అంటే ఒక్కో పని ఎంత పెద్దదో అంచనాగా వేసుకునే అంకెలు. ఇక్కడే నువ్వు గట్టిగా నిలబడాల్సి వస్తుంది. రెండు మూడు స్ప్రింట్లు కాగానే ‘ఎవరు ఎన్ని పాయింట్లు చేశారు?’ అని పైనుంచి అడుగుతారు. ఆ పట్టిక ఇచ్చిన మరుక్షణం నుంచి 3 అనే పని 5 అవుతుంది, 5 అనేది 8 అవుతుంది. పక్కవాడికి సాయం చేసే పిల్ల తన పాయింట్లు పోతాయని మానేస్తుంది. మేనిఫెస్టో మీద సంతకం చేసినవాళ్లలో ఒకడైన రాన్ జెఫ్రీస్, పాయింట్లను తనే కనిపెట్టి ఉండొచ్చని, అందుకు ఇప్పుడు విచారిస్తున్నానని తర్వాతి కాలంలో రాశాడు. స్ప్రింట్‌లోకి ఎంచుకున్న పనిని హామీగా కాక అంచనాగా చూడాలని 2011లోనే స్క్రమ్ గైడ్‌ను సవరించారు. ఇది మీ మేనేజర్‌కు ముందే, పోట్లాటగా కాకుండా, కూర్చోబెట్టి చెప్పు. ఆయనకు తెలియాల్సింది పని ఎప్పటికి చేతికొస్తుందన్నది. దానికి గత నెలల్లో ఎన్ని టికెట్లు పూర్తయ్యాయో, ఒక్కోదానికి ఎన్ని రోజులు పట్టిందో చూపిస్తే చాలు. మనుషుల పేర్లు అక్కర్లేదు.

స్ప్రింట్ చివర జరిగింది తిరిగి చూసుకునే రెట్రోలో పది నిర్ణయాలు రాసుకోవద్దు. ఒక్కటి తీసుకుని, దాన్ని కూడా టికెట్‌గా పెట్టి, వచ్చే స్ప్రింట్‌లో చేసి చూపించండి.

ప్రతి డెమోకి నిజంగా షాపు నడిపేవాళ్లను ఒకరిని పిలవండి. రాలేమంటే మీరే వెళ్లండి. సాయంత్రం ఏడింటికి, కౌంటర్ దగ్గర జనం ఉన్నప్పుడు, ఆయన మౌస్ పట్టుకోకుండా కీబోర్డు మీదే బిల్లు ఎలా కొడతాడో మీ డెవలపర్లు చూడాలి. ముందు ఏది చేయాలో, ఏది ఆగినా ఫర్వాలేదో ఆయనే చెబుతాడు. సోమవారం లోపు అలాంటి షాపు ఒకటి చూసిపెట్టుకో. నీకు తెలిసినవాళ్లు ఎవరూ లేకపోతే చెప్పు, మన వీధి చివర షాపాయనతో నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న