పరిశోధన పత్రం ఫోన్లో చదువుతున్నారా? హెక్టారు లెక్క మరవకండి

మొన్న దేవరాపల్లిలో టీ కొట్టు దగ్గర ఒక చెరకు రైతు ఫోన్ తీసి చూపించారు. ఇంగ్లీషులో ఉన్న పరిశోధన పత్రాన్ని వాళ్ళబ్బాయి ఫోన్లో పెడితే అది తెలుగులో నాలుగు ముక్కల్లో చెప్పేసిందట. "112 కిలోల నత్రజని వేస్తే దిగుబడి బాగుందంటండీ. ఎకరానికి అయిదున్నర బస్తాల యూరియా పడుతుంది, అప్పయినా చేసి తేవాలి" అన్నారాయన. అసలు పత్రం తెరిపించి చూస్తే ఆ 112 కిలోలు హెక్టారుకు. ఫోన్ చెప్పిన సారాంశంలో ఆ ఒక్క మాట జారిపోయింది.

హెక్టారు అంటే దాదాపు రెండున్నర ఎకరాలు. అంటే ఎకరానికి పడేది సుమారు 45 కిలోల నత్రజనే. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి 98 కిలోల యూరియా, అంటే 45 కిలోల బస్తాలు రెండు, పైన మరో 8 కిలోలు చాలు. ఆయన లెక్కన వేస్తే మూడు బస్తాలకు పైగా దండగ. డబ్బు పోవడమే కాదు, నత్రజని మితిమీరితే చెరకు పడిపోతుంది, రసంలో పంచదార శాతం తగ్గుతుంది.

అలాగని పరిశోధన పత్రాలు మనకెందుకులే అనుకోవద్దు. చదివే పద్ధతి తెలుసుకుంటే చాలు.

పత్రాలు ఎక్కడ దొరుకుతాయి?

అనకాపల్లిలో చెరకు పరిశోధన 1913లో మొదలైంది. 87ఏ298 వంటి రకాలు అక్కడి నుంచే వచ్చాయి. మన నేలకు, మన వానకు దగ్గరగా ఉండే ఫలితాలు ఇవే కనుక మొదట వీటినే వెతకాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయాల విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలు 'కృషికోశ్' అనే వెబ్‌సైట్‌లో ఉంటాయి. 'గూగుల్ స్కాలర్'లో పత్రికల వ్యాసాలు దొరుకుతాయి. టైపు చేయడం రాకపోతే మైకు గుర్తు నొక్కి పంట పేరు, సమస్య, 'అనకాపల్లి' అని ఇంగ్లీషు మాటల్లో పలకండి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే వాళ్ళ సాయం తీసుకోండి.

తెలుగులోకి మార్చేటప్పుడు

పత్రం పీడీఎఫ్ రూపంలో ఉంటే చాట్‌జీపీటీ, జెమినై వంటి వాటికి ఇచ్చి తెలుగులో చెప్పమనవచ్చు. పాత పత్రాలు ఫొటోల్లా ఉంటాయి, వాటిని గూగుల్ లెన్స్‌తో చదివించాలి. అయితే చెరకు మాటల దగ్గర ఈ యంత్రాలు తడబడే ప్రమాదం ఉంది. 'రెటూన్' అంటే కార్శి తోట. 'సెట్స్' అంటే ముచ్చెలు. 'ట్రాష్' అంటే ఇంట్లో చెత్త కాదు, చెరకు ఎండాకు. తెలుగు వాక్యం అర్థం కాకపోతే ఇంగ్లీషు మాట ఏముందో చూడాలి.

పత్రం ఇవ్వకుండా ఊరికే ప్రశ్న అడిగితే ఈ యంత్రాలు లేనిది కూడా ఉన్నట్టు చెప్పగలవు. కాబట్టి పత్రం ఇచ్చి, "ఇందులో ఉన్నదే చెప్పు, ఏ పేజీలో ఉందో చెప్పు" అని అడగాలి. తర్వాత ఆ పేజీ తిప్పి అంకెను కళ్ళతో చూసుకోవాలి.

అడగవలసిన అయిదు ప్రశ్నలు

1. ప్రయోగం ఎక్కడ చేశారు, ఏ నేలలో? కుండీల్లోనా, పొలంలోనా?

2. నీటి పారుదల కిందా, వర్షాధారమా? రైవాడ కాలువ కింద తోటకు పనికొచ్చింది మెట్ట చెరకుకు పనికిరాకపోవచ్చు.

3. మొక్క తోటా, కార్శి తోటా? ఏ రకం?

4. ఎన్నేళ్ళు చేశారు? ఒక్క ఏడాది ఫలితం మీద భరోసా పెట్టుకోరాదు.

5. మోతాదు హెక్టారుకా, ఎకరానికా? పోషకమా, ఎరువా? హెక్టారు అంకెను రెండున్నరతో భాగిస్తే ఎకరం లెక్క వస్తుంది.

పట్టికలో సి.డి. చూడండి

సారాంశంలో 'దిగుబడి పెరిగింది' అని ఉన్నంత మాత్రాన నమ్మవద్దు. పట్టిక అడుగున 'సి.డి.' అనే అంకె ఉంటుంది. ఉదాహరణకు ఒక పద్ధతిలో హెక్టారుకు 80 టన్నులు, ఇంకో పద్ధతిలో 83 టన్నులు వచ్చాయనుకోండి. సి.డి. 5 అని ఉంటే, 3 టన్నుల తేడా దానికి లోబడి ఉంది కనుక రెండోది మేలని చెప్పలేం. 'ఎన్.ఎస్.' అని ఉంటే చెప్పుకోదగ్గ తేడా లేదని అర్థం. అలాంటి తేడా కోసం అదనపు ఖర్చు పెట్టకండి.

ముందు అయిదు సెంట్లలో

అన్నీ సరిపోయినా తోటంతా ఒకేసారి మార్చవద్దు. మీ మడిలో అయిదు సెంట్లు కొలిచి కర్రలు పాతండి. పక్కనే మరో అయిదు సెంట్లు మీ పాత పద్ధతిలోనే ఉంచండి. రెండింటికీ ఖర్చు పుస్తకంలో రాయండి, నరికినప్పుడు విడివిడిగా తూయించండి. ఆ రెండు తూకాలే మీ పొలం చెప్పే మాట.

ఎరువు, పురుగు మందు మోతాదు విషయంలో మాత్రం ఫోన్ మాటతో దుకాణానికి వెళ్ళకండి. భూసార పరీక్ష ఫలితం, ఆ పత్రం రెండూ పట్టుకుని రైతు సేవా కేంద్రంలో గానీ, అనకాపల్లి శాస్త్రవేత్తలను గానీ అడగండి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

టీ కొట్టు దగ్గర కలిసిన రైతు అప్పు మాట మానుకున్నారు. మట్టి నమూనా తీసి పరీక్షకు పంపాకే బస్తాల లెక్క వేస్తానన్నారు. మీరూ అదే చేయండి.