ఈసీలో కనిపించని వాటా

ఇల్లు కొనేముందు మనం సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ తీయిస్తాం. తాకట్టు లేదని తేలగానే నిశ్చింతగా బయానా ఇచ్చేస్తాం. కాని ఈసీలో రిజిస్టరయిన లావాదేవీలే కనిపిస్తాయి. అమ్మేవారి తండ్రి మరణించగానే ఆయన కూతురికి సంక్రమించిన హక్కు అందులో కనిపించదు. కొడుకు వాటాలో సగం ఆమెదని దివ్య ఖుర్ఆన్ (4:11) నిర్ణయించింది. అన్నదమ్ములే సంతకాలు చేసిన దస్తావేజుతో ఆమె వాటా మనది కాజాలదు. రేపు ఆమె కోర్టుకెళితే మన ఇల్లే చిక్కుల్లో పడుతుంది.

కనుక సోదరులారా! తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం అడిగి చూద్దాం. తల్లి, అక్కచెల్లెళ్ళు కూడా అమ్మకందారులుగా సంతకం చేశాకే పూర్తి సొమ్ము చెల్లిద్దాం. వారి డబ్బు వారి చేతికే అందేలా చూద్దాం. ఒక ఆడపడుచు హక్కు కాజేసిన ఇంట్లో నమాజుకు నిలబడితే మనసుకు నెమ్మది ఉంటుందా?